ఎంటర్ నొక్కిన వేలు

బావ సీపీయూని స్కూటర్ మీద కాళ్ళ దగ్గర పెట్టుకుని, జారిపోకుండా రెండు మోకాళ్ళతో అదిమిపట్టుకుని వచ్చాడు. ఇంట్లో కుర్చీ జరపాలన్నా ఇంకొకరిని కేకేసే మనిషి అంత బరువు తనే మోసుకుంటూ షాపు మెట్లెక్కుతుంటే, మెకానిక్ చేతిలోని స్క్రూడ్రైవర్ బల్ల మీద పడేసి ఎదురెళ్ళాడు.

"ఒక్క ఫోన్ కొడితే నేనే వచ్చి తెచ్చుకునేవాణ్ణి కదా బావా!"

"నీకెందుకురా శ్రమ, ఆఫీసుకెళ్ళే దారే కదా" అన్నాడు బావ.

ఆఫీసుకెళ్ళే దారి అది కాదు. అయినా బావ ఏది దారంటే అదే దారని ఒప్పుకోవడం మెకానిక్‌కి ఎప్పటి నుంచో అలవాటు. పాడైపోయిన రేడియోలు ముందేసుకుని కూర్చుంటాడని ఇంట్లో అందరూ తిడుతున్న రోజుల్లో "వీడి చేతిలో పనుందోయ్" అన్న మొదటి మనిషి బావే. ఆ ఒక్క మాటకి ఇప్పటికీ అతను బావ ముందు కాస్త వంగే నిలబడతాడు.

"ఏమైంది దీనికి?"

"నత్తే నయం. ఆన్ చేసి, స్నానం చేసి వచ్చినా ఇంకా తెర మీద ఆ చక్రం తిరుగుతూనే ఉంటుంది. మొత్తం తుడిచిపారేసి కొత్త ఓఎస్ వేసెయ్యి. ఇవాళే కొన్నట్టుండాలి."

మెకానిక్ పక్క రేకు విప్పాడు. లోపల దుమ్ము అట్టలు కట్టి ఉంది. ఫ్యాను రెక్కలకి దారప్పోగులు చుట్టుకుని ఉన్నాయి, నీలం, ఎరుపు, తెలుపు. అక్క కుట్టుమిషనూ ఈ కంప్యూటరూ ఒకే గదిలో ఉంటాయి మరి. అతను నవ్వుకుంటూ ట్వీజర్స్‌తో ఒక్కొక్క పోగూ లాగి బల్ల అంచున పెట్టాడు. బ్లోయర్ పెట్టి దుమ్ము ఊదాడు. ర్యామ్ తీసి, దాని బంగారు రంగు పళ్ళని రబ్బరుతో రుద్ది మళ్ళీ బిగించాడు. బావ ఈ పనంతా చూడకుండా ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు.

తెర మీద బొమ్మ వచ్చాక మెకానిక్ ఎప్పుడూ చేసే పనే చేశాడు. ఉన్నవన్నీ ఒక్కొక్కటీ తెరిచి చూపిస్తూ ఇది కావాలా, ఇది కావాలా అని అడగడం మొదలుపెట్టాడు. జనం "అంతా వేస్టే, తీసెయ్" అంటారు. తీరా చూస్తే అందులో పిల్లాడి మొదటి నడకో, పోయిన తల్లి గొంతో ఉంటుంది. అందుకని అతను ఎవరి మాటా వినడు, చూపిస్తాడు.

తెర మధ్యలో "కుట్టు" అని ఓ ఫోల్డరు ఉంది.

"ఇది అక్కది కదా?"

"పాతది. అన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుంది."

మెకానిక్ తెరిచాడు. గీతలు, వంపులు, చుక్కలు, అంకెలు. అన్నీ బట్టలు కత్తిరించే ప్యాటర్న్‌లు. రెడీమేడ్ బట్టలు పట్టని ఒళ్ళుంటాయి. ఒక భుజం కిందికి దిగినవాళ్ళు, వీపు వంగినవాళ్ళు, రోజంతా చక్రాల కుర్చీలో ఉండేవాళ్ళు. వాళ్ళకి సరిపోయేలా అక్క చొక్కాలూ ప్యాంట్లూ గీస్తుంది. కూర్చునేవాళ్ళ ప్యాంటుకి వెనక నడుము ఎత్తుగా ఉండాలనీ, తొడ కింద కుట్టు రాకూడదనీ, వస్తే పుండు పడుతుందనీ అక్క చెప్పగా అతను విన్నాడు. వేరే ఊళ్ళో ఇలాంటి బట్టలే కుట్టే ఒక పెద్ద వర్క్‌షాపు వాళ్ళు అక్కని కటింగ్ గది చూసుకోమని పిలిచారు. వాళ్ళ మేడమ్ ఈ శుక్రవారం వచ్చి ఈ ప్యాటర్న్‌లు చూసి ఖాయం చేస్తుంది. కుదిరితే అక్క ప్రతి సోమవారం వెళ్ళి, అక్కడే ఉండి, శుక్రవారం ఇంటికొస్తుంది.

"ఓ మాట అక్కకి ఫోన్ చేసి అడుగుతాను బావా."

"బజారుకెళ్ళిందిరా, దారాలకి. ఆ బస్సు గోలలో ఏం వినపడుతుంది? నా ఎదురుగానే కాపీ చేసుకుంది. నా మాట మీద నమ్మకం లేదా?"

"అయ్యో, అదేం మాట" అని మెకానిక్ నాలుక కరుచుకుని ఫోన్ జేబులో పెట్టేశాడు.

"ఇంకోటి" అన్నాడు బావ. "మళ్ళీ తిరిగి రాకుండా తుడిచేది ఉంటుందంటగా. అది చెయ్యి. ఆఫీసులో పార్టీల వివరాలు కూడా ఇందులో చూశాను. రేపు ఈ డిస్క్ ఎవడి చేతిలో పడినా నా ఉద్యోగానికి ఎసరు."

"మామూలు ఫార్మాట్ అంటే గుమ్మం మీద ఇంటి నంబరు చెరిపెయ్యడం. ఇల్లు అక్కడే ఉంటుంది, వెతికితే దొరుకుతుంది. మీరనేది ఇల్లే నేలమట్టం చెయ్యడం. సాయంత్రం దాకా పడుతుంది, మళ్ళీ ఆ దేవుడొచ్చినా తీసుకురాలేడు."

"అదే కావాలి."

మెకానిక్ తన షాపు పెన్‌డ్రైవ్ పెట్టి మిషన్ ఆపి మళ్ళీ ఆన్ చేశాడు. నల్లతెర మీద డిస్క్‌ని ఎంచుకున్నాడు, తుడిచే ఆదేశం టైపు చేశాడు, రెండుసార్లు చదువుకున్నాడు. చదువుకుని కుర్చీలోంచి లేచాడు.

"రండి బావా. కూర్చోండి."

ఆ వీధిలో అందరికీ తెలిసిన సంగతే ఇది. చివరి ఎంటర్ అతను నొక్కడు. యజమానిని తన కుర్చీలో కూర్చోబెట్టి, ఏం పోతుందో మళ్ళీ ఒకసారి చెప్పి, వాళ్ళ వేలితోనే నొక్కిస్తాడు. షాపు తెరిచిన కొత్తలో పెట్టుకున్న పట్టు. ఇంతవరకూ ఎవరిదీ ఒక్క ఫోటో కూడా తన చేత్తో పోగొట్టలేదని అతనికి గర్వం. వేరే వీధుల్లో పెద్ద పెద్ద అద్దాల షాపులున్నా జనం వెతుక్కుంటూ ఈ ఇరుకు గదికి వచ్చేది అందుకే. పక్కన జిరాక్సు షాపు ఆవిడైతే "ఏంటబ్బాయ్, మంత్రిగారి చేత రిబ్బన్ కత్తిరించినట్టు!" అని ఏడిపిస్తుంది.

మామూలుగా ఆ కుర్చీలో కూర్చున్నాక ఎవరైనా ఒక్క క్షణం తటపటాయిస్తారు. "ఆగు, ఆగు, ఒక్కసారి చూడనీ" అంటారు. బావ కాలింగ్ బెల్ నొక్కినట్టు నొక్కేసి, చేతులు దులుపుకుని లేచాడు.

సాయంత్రం డిస్క్ ఖాళీ అయ్యాక మెకానిక్ కొత్త ఓఎస్ వేశాడు. ప్రింటరు, సౌండు, తెర, అన్నిటికీ డ్రైవర్లు వేశాడు. బావ అడక్కపోయినా అక్క ప్యాటర్న్‌లు గీసుకునే సాఫ్ట్‌వేర్ కూడా వెతికి ఎక్కించాడు, అక్షరాలు ఆమె కంటికి ఆనేంత పెద్దవి చేశాడు. బావ వచ్చి భుజం తట్టి తీసుకుపోయాడు.

మర్నాడు షాపు తెరిచి కాసేపైందో లేదో అక్క వచ్చింది. మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది. మెట్లెక్కినందుకు ఆయాసపడుతూనే నవ్వు మొహంతో అడిగింది.

"ఒరేయ్, పరుగెత్తుతోందిరా అది! బాగా చేశావు. నా కుట్టు ఫోల్డరు ఎక్కడ పెట్టావు? వెతికి వెతికి కళ్ళు కాయలు కాశాయి."

"నీ పెన్‌డ్రైవ్‌లోనే కదక్కా ఉంది."

"ఏ పెన్‌డ్రైవ్?"

ఒక కీబోర్డు తిరగేసి దాని మీటల మధ్య చెత్త దులుపుతున్నవాడు అలాగే ఆగిపోయాడు. "నువ్వు అన్నీ ఎక్కించుకున్నావని బావ..." అంటూ ఆమె మొహం చూసి, మాట మధ్యలో మింగేశాడు. "బావ దగ్గరుంటుందిలే. పద, ఇంటికొచ్చి చూస్తాను."

అక్క నవ్వు ఎప్పుడు పోయిందో తెలియలేదు. ఆమె అతన్ని చూడడం లేదు. బల్ల ముందున్న కుర్చీని చూస్తోంది. మెడలో టేపుని చేతికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కాసేపు నిలబడింది.

"తుడిచేశారా, మొత్తం?" అంది.

"తుడవడమంటే... తిరిగి రాకుండా తుడవమన్నారు."

"సరే. నువ్వు షాపు కట్టేసి రా. నేను నడుస్తూ ఉంటాను" అని వెళ్ళిపోయింది.

ఒక కస్టమరుకి ప్రింటరు అప్పగించాల్సి ఉండి మెకానిక్‌కి ఆలస్యమైంది. అతను వెళ్ళేసరికి బావ అద్దం ముందు నిలబడి చొక్కా చేతుల గుండీలు పెట్టుకుంటున్నాడు. అక్క కంప్యూటరు ముందు కూర్చుంది. కొత్త తెర నిండా ఏదో నీలం కొండల ఫోటో ఉంది, దాని మీద ఒక్క ఫోల్డరు లేదు.

అతను నోరు తెరిచేలోపే బావ అందుకున్నాడు.

"వచ్చావా? రా, రా. ఏమీ అనకే వాణ్ణి. పని తొందర్లో పొరపాటు జరిగిపోయింది, మనిషన్నాక ఎవరికైనా జరుగుతుంది. మనవాడే కదా."

అన్నది ఎంత ప్రేమగా అంటే, తనే నిజంగా పొరపాటు చేశాడేమోనని మెకానిక్‌కి ఒక్క క్షణం అనుమానమొచ్చింది. అతను బావ మొహంలోకి చూశాడు. బావ కళ్ళు తిప్పుకోలేదు. అద్దంలోంచి అతన్నే చూస్తూ రెండో గుండీ పెట్టుకున్నాడు.

"బావా, పెన్‌డ్రైవ్ అన్నారు కదా..." అన్నాడు చివరికి.

"నేనేదో అన్నానులేరా, నాకేం తెలుసు ఆ పెన్నులూ డ్రైవులూ! చూసుకోవాల్సింది చదువుకున్నవాడివి నువ్వు." బావ స్కూటర్ తాళం తీసుకుని అక్క తల మీద చెయ్యి వేశాడు. "బెంగపెట్టుకోకు. వర్క్‌షాపు ఎక్కడికీ పోదు, ఇవాళ కాకపోతే ఇంకో ఏడాది."

స్కూటర్ చప్పుడు వీధి మలుపు తిరిగింది. ఇక చెప్పెయ్యాలి అనుకున్నాడు మెకానిక్. "నేను కాదక్కా" అన్న రెండు మాటలు పళ్ళ వెనక దాకా వచ్చాయి. కానీ ఆ ఫోల్డరు తను తెరిచి చూశాడు. ఫోన్ జేబులోంచి తీసి మళ్ళీ పెట్టేశాడు. ఏ మొహం పెట్టుకుని చెప్పడం?

"కాగితం మీద గీసినవేమైనా ఉన్నాయా?"

"కంప్యూటర్‌లో భద్రంగా ఉన్నాయని కాగితాలన్నీ చింపి దిండుల్లో కూరాను" అంది అక్క. అని మౌస్ వదిలేసింది. "తీసుకెళ్ళి చూడు. ఏమన్నా వస్తాయేమో. ఆవిడొచ్చేది ఎల్లుండే."

ముందు ఫైళ్ళు తెచ్చి ఇద్దాం, అవి వచ్చాక ఎవరు నొక్కారన్న గొడవే ఉండదు అనుకున్నాడు అతను. పిరికివాడి లెక్కలు ఎప్పుడూ ఇంత చక్కగా కుదురుతాయి. సీపీయూ వెనక తీగలు ఊడదీసి, డిస్క్ ఒక్కటీ విప్పి, చేతిరుమాల్లో చుట్టి తీసుకెళ్ళాడు.

ఇల్లు నేలమట్టం చేశాక మట్టి జల్లెడ పట్టినా ఏం దొరుకుతుంది? అయినా పట్టాడు. డిస్క్‌ని తన మిషన్‌కి తగిలించి, పోయిన ఫైళ్ళు వెతికే ప్రోగ్రాం ఒకటి నడిపాడు. అది కాదంటే ఇంకొకటి. పచ్చగీత మెల్లగా ముందుకి పాకుతుంటే వచ్చిన కస్టమర్లని రేపు రమ్మని పంపేస్తూ తెర ముందే కూర్చున్నాడు. ఏదో దొరికిందని ప్రోగ్రాం చెప్పినప్పుడల్లా ఆత్రంగా తెరిచేవాడు. తెరిస్తే తను నిన్న వేసిన కొత్త ఓఎస్ తాలూకు ఫైళ్ళే. చివరికి డిస్క్‌ని ఉన్నదున్నట్టు తెరిచి చూపించే ప్రోగ్రాంలో చూశాడు. సున్నాలు. కిందికి జరిపాడు. సున్నాలు. ఎంత కిందికి జరిపినా సున్నాలే వస్తున్నాయి. ఆ పని అంత పక్కాగా చేసింది తనే.

మధ్యాహ్నం క్యారేజీ తెచ్చిన భార్య అతని మొహం చూసి విషయం రాబట్టింది. విని అక్కడే స్టూలు మీద కూలబడింది.

"మీకేమైనా మతిపోయిందా? నొక్కింది ఆయనైతే తిట్లు మీరు తింటారా? వదిన దగ్గరికెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పండి."

"చెప్తే వాళ్ళిద్దరి మధ్య..."

"ఇప్పుడు మీ ఇద్దరి మధ్య ఏం మిగిలిందని? రేపు ఈ సంగతి బయటికి పొక్కితే ఈ షాపుకి ఎవరొస్తారు? సొంత అక్కదే పోగొట్టినవాడు మనదేం దాస్తాడు అంటారు."

అది నిజం. ఆ మాటతో అతనికి వీపు నిటారైంది. అన్నం ముట్టకుండానే లేచి, బావ ఆఫీసుకి బయల్దేరాడు.

బావ స్కూటర్లు పెట్టే షెడ్డు దగ్గరికి వచ్చి మాట్లాడాడు. రేకుల కింద ఎండ వేడికి ఇద్దరికీ చెమటలు పడుతున్నాయి.

"ఎందుకు చేశారు బావా?"

"ఏం చేశాను?"

"మీకు తెలుసు."

బావ అటూ ఇటూ చూసి, ఒక స్కూటర్ సీటుకి ఆనుకున్నాడు. బుకాయిస్తాడనుకున్నాడు మెకానిక్. బావ బుకాయించలేదు, అదింకా దారుణంగా ఉంది.

"అయిదు రోజులు అక్కడా, రెండు రోజులు ఇక్కడా. అదేం కాపురంరా? నేను ఆఫీసు నుంచి వచ్చి తాళం తీసుకుని చీకటింట్లో లైటు వేసుకోవాలా? వద్దని ఎన్నోసార్లు చెప్పాను. వినలేదు. ఆ బొమ్మలుంటే వినదు."

"అవి బొమ్మలా? అది ప్రాణం పెట్టి గీసుకుంది."

"ప్రాణం పెట్టడానికి ఇల్లుంది."

"సరే. మీ సంగతి మీరు చూసుకోండి. నా నెత్తిన ఎందుకు రుద్దారు? నేను చెరిపానని ఎలా చెప్పగలిగారు?"

బావకి నిజంగానే ఆశ్చర్యం వేసినట్టుంది. కనుబొమ్మలు పైకి లేచాయి.

"నేనెక్కడ చెప్పానురా? అది ఇంట్లోకి వస్తూనే అంది, తమ్ముడు పొరపాటున అన్నీ చెరిపేశాడండీ అని. నేను కాదనలేదు. అంతే."

"ఛీ" అన్నాడు మెకానిక్. బావని ఒక మాట అనడం అతనికి అదే మొదటిసారి. "అబద్ధానికి కూడా హద్దుండాలి. దాని మీదికే తోస్తారా?"

"నమ్మితే నమ్ము, లేకపోతే మానెయ్. వెళ్ళి చెప్పుకో మీ అక్కకి. చెప్తే ఏమవుతుందో కూడా ఆలోచించుకుని వెళ్ళు." బావ రుమాలుతో మెడ తుడుచుకుని లోపలికి పోయాడు. పోతూ పోతూ సెక్యూరిటీ అతన్ని భోజనమైందా అని పలకరించాడు.

ఆ రోజంతా, మర్నాడంతా మెకానిక్ చెప్పాల్సిన మాటలు కూర్చుకున్నాడు. బావ గురించి చెప్పడం తేలిక. ఫోల్డరు చూసి కూడా ఊరుకున్నానని చెప్పడమే కష్టం. రెండూ చెప్పాలి, ముందు తనదే చెప్పాలి అని నిర్ణయించుకున్నాడు. శుక్రవారం మధ్యాహ్నం ఖాళీ డిస్క్ పట్టుకుని వెళ్ళేసరికి వర్క్‌షాపు మేడమ్ అప్పటికే వచ్చి వెళ్ళిపోయింది. అక్క నేల మీద గుడ్డ పరుచుకుని, సుద్దముక్కతో ఎవరిదో మామూలు చొక్కా గీస్తోంది.

"ఏమందక్కా?"

"ఏమంటుంది? చూపించు అంది. లేవన్నాను. పాపం మంచావిడ, చాలాసేపు కూర్చుంది. మళ్ళీ గీయడానికి ఎన్నాళ్ళు పడుతుందని అడిగింది. ఒక్కొక్కటీ ఒక్కొక్క మనిషిని కొలిచి, కుట్టి, తొడిగి, విప్పి సరిచేసింది. ఎన్నాళ్ళని చెప్పను? ఇంకెవరినో చూసుకుంటామని చెప్పి వెళ్ళింది."

మెకానిక్ ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. డిస్క్‌ని పక్కన పెట్టాడు.

"అక్కా, ముందు నా తప్పు చెప్తాను. ఆ ఫోల్డరు నేను చూశాను. నీకు ఫోన్ చెయ్యబోయి మానేశాను. అది నాదే తప్పు, నన్ను కొట్టు. కానీ ఆ ఎంటర్..."

"నువ్వు నొక్కలేదు" అంది అక్క, గీత ఆపకుండా.

అతను పక్కన పెట్టిన డిస్క్‌ని మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

"నువ్వు ఎవరిదీ నొక్కవు. నాకు తెలియదట్రా నీ సంగతి? నీ షాపులో ఆ కుర్చీ చూడగానే నాకు అర్థమైంది, అందులో ఎవరు కూర్చున్నారో."

"తెలిసీ... మరి ఆయన నన్నంత మాట అంటుంటే ఎందుకు ఊరుకున్నావు?"

"అంటే ఏమయ్యేది?" ఆమె సుద్దముక్క కింద పెట్టింది. వేళ్ళు తెల్లగా అయిపోయి ఉన్నాయి. "ఆయనే చెరిపాడని నేను ఒకసారి పైకి అన్నానంటే, అన్న నోటితో ఆయన్ని మళ్ళీ ఏమండీ అని పిలవగలనా? ఆ రోజే ఈ గుమ్మం దిగిపోవాలి. దిగి ఎక్కడికి పోను? పోవడానికి ఒక చోటుండేది. అది పోయింది."

"మా ఇంటికి రా."

"నీ ఇరుకింట్లో నువ్వూ నీ పెళ్ళామే ఒకరినొకరు తప్పుకుని నడుస్తారు. నాలుగు రోజులు బాగానే ఉంటుందిలే." ఆమె కొంచెం నవ్వింది. "నీ మీద కోపమైతే ఉంటుంది, పోతుంది. నువ్వెక్కడికి పోతావు, నా తమ్ముడివి. ఆయన మీదైతే పొద్దున్నే లేచి నేనెవరి మొహం చూడాలి? అందుకని చెప్తున్నాను విను. నువ్వే చెరిపావు. పొరపాటున. ఎవరడిగినా అదే మాట."

"నా షాపు, అక్కా? నేను ఒక్క మాట మీద బతుకుతున్నాను అక్కడ."

"నీ చేతిలో విద్య ఉందిరా. జనం నాలుగు రోజులు అనుకుని మర్చిపోతారు. నాకు ఇది ఒక్కటీ చెయ్యి."

బావ మోసం చేసినప్పుడు అతనికి ఒళ్ళు మండింది, షెడ్డు కింద నిలబడి ఛీ అనగలిగాడు. ఇప్పుడు ఒళ్ళు మండడం లేదు. గుడ్డ మీద గీతల్ని చూస్తూ కూర్చున్నాడు. చిన్నప్పుడు అక్క కిందపడేసిన గాజుగ్లాసులకి కూడా తనే దెబ్బలు తినేవాడు. అప్పుడు అక్క తర్వాత వచ్చి వీపు నిమిరేది. ఏడుపొస్తోందని తెలిసి, వస్తే బాగుండదని మోకాళ్ళు గట్టిగా పట్టుకున్నాడు. కాదనలేకపోయాడు. తల ఊపాడు.

బయట స్కూటర్ ఆగింది. ఆ రోజు బావ పెందలాడే వచ్చాడు. మెకానిక్‌ని చూసి గుమ్మంలో అర క్షణం ఆగి, అక్క మొహం చూసి, సర్దుకుని లోపలికొచ్చాడు. జేబులోంచి చిన్న అట్టపెట్టె తీసి అక్క ముందు పెట్టాడు.

"పెన్‌డ్రైవ్. కొత్తది. ఇకమీదట ఏది గీసుకున్నా ఇందులో దాచుకో. ఈసారి ఎవరూ చెరపలేరు."

మెకానిక్ కళ్ళెత్తి అక్కని చూశాడు. ఇప్పుడైనా ఆ పెట్టె తీసి ఆయన మొహాన కొడుతుందేమో, కనీసం తాకకుండా వదిలేస్తుందేమో అని ఎదురుచూశాడు. అక్క పెట్టెని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసింది.

"చూశావా?" అంది తమ్ముడి వైపు తిరిగి, గొంతు పెంచి. "ఈ జాగ్రత్త ముందు నీకుండాలి. ఇంకోసారి నా వస్తువు మీద చెయ్యి వేశావంటే ఊరుకోను."

"పోనీలేవే" అన్నాడు బావ. "చిన్నవాడు."

మెకానిక్ డిస్క్‌ని సీపీయూలో బిగించి, రేకు మూసి, నాలుగు స్క్రూలూ వేసి, ఎవరూ ఉండమనకుండానే వెళ్ళిపోయాడు. దారిలో తనకి తను ఒకటే చెప్పుకున్నాడు. బావ చల్లిన బురదని అక్క తుడవలేకపోయింది, అంతే. గతిలేక ఊరుకుంది. ఆడది, ఒంటరిది, ఏం చేస్తుంది? అలా అనుకుంటే కాస్త ఊపిరాడింది.

మర్నాడు పక్క షాపులో జిరాక్సు తీసే ఆవిడ లాప్‌టాప్ సంచి భుజాన వేసుకుని వచ్చింది. సంచి జిప్పు తీసి, లాప్‌టాప్ సగం బయటికి లాగి, మళ్ళీ ఆగింది.

"దీన్ని ఫార్మాట్ చేయించాలి అబ్బాయ్. మా అమ్మాయి చదువంతా ఇందులోనే ఉంది. నిన్ను అడక్కూడదు గానీ, నిజమేనా? మీ అక్కయ్యవన్నీ నువ్వే చెరిపేశావట?"

"ఎవరన్నారండీ?" అన్నాడు. బావ ఇక్కడి దాకా వచ్చి చెప్పాడన్నమాట అనుకున్నాడు.

"ఎవరో ఎందుకంటారు? మీ అక్కయ్యే చెప్పింది."

"నిన్నా?"

"నిన్నెక్కడ! ఆ రోజు మెడలో టేపుతో వచ్చింది చూడు, నీ దగ్గరికి. నీ మెట్లు దిగి నేరుగా నా షాపులోకి వచ్చింది. మంచినీళ్ళు అడిగి తాగింది. కాసేపు అలా నిలబడి, 'మా తమ్ముడు పొరపాటున నావన్నీ చెరిపేశాడండీ' అంది. ఇంకో ఇద్దరుంటే వాళ్ళకీ చెప్పి మరీ వెళ్ళింది. నేను నమ్మలేదనుకో. మమ్మల్నందర్నీ ఆ కుర్చీలో కూర్చోబెట్టి నొక్కిస్తావు, నువ్వెందుకు చెరుపుతావు?"

అంటే అప్పటికి అక్క ఇల్లు చేరలేదు. బావ ఇంకా నోరు విప్పలేదు. షెడ్డు కింద బావ చెప్పింది నిజమే, తను అబద్ధమని ఛీ కొట్టిన ఆ మాటే నిజం. బావ చెరిపాడు. కానీ చెరిపింది తమ్ముడేనని మొదట అన్నది అక్క. ఎవరూ అడక్కముందే, ఎవరూ తోయకముందే, మెట్లు దిగే లోపల తేల్చుకుంది, ఇద్దరిలో ఎవరిని పోగొట్టుకోవాలో. నిన్న అంత మెల్లగా బతిమాలిందే, అది అప్పటికే అయిపోయిన పనికి.

"ఏంటి అబ్బాయ్, ఆవిడేదో పొరబడిందా?"

ఆవిడ నమ్మడానికి సిద్ధంగా ఉంది. ఒక్కసారి కాదంటే చాలు. వీధంతా తిరిగి ఆవిడే చెప్తుంది. మెకానిక్ బల్ల మీది స్క్రూలని వేలితో ఒక పక్కకి చేర్చాడు.

"లేదండీ" అన్నాడు. "నేనే చెరిపాను. చూసుకోలేదు."

ఆవిడ "అలాగా" అని, సగం బయటికి లాగిన లాప్‌టాప్‌ని మళ్ళీ సంచిలోకి తోసి, జిప్పు మూసింది. "మా అమ్మాయిని ఓసారి అడిగి, తర్వాత తెస్తాలే" అంటూ మెట్లు దిగింది.